ఎండాకాలం పెన్నలో పడవ

మా వీధి చివరి ఇంట్లో ఉండే రమాదేవికి ఈ మధ్య ఒక పత్రికలో కొత్త పుస్తకాల మీద రాసే పని దొరికింది. శుభవార్త చెప్పడానికి వచ్చిన పిల్ల మొహం మాత్రం మాడిపోయి ఉంది. ఏమ్మా అని అడిగితే, "కవిత్వం, కథలు అన్నీ పెద్దోళ్ళు పంచుకున్నారు తాతా. నాకు డిటెక్టివ్ నవలలు మిగిలినాయి" అంది.

పందొమ్మిది వందల యాభైల్లో, అరవైల్లో నేను చేసిన పని అదేనని ఆ పిల్లకు తెలియదు. చెప్తే వింతగా చూసింది. "వాటికి గూడా సమీక్షలు రాస్తాంటిరా?" అని అడిగింది. రాసేవాళ్ళం. అనంతపురంలో కూర్చుని, వానల్లేని ఏళ్ళలో, మద్రాసు నుంచి రైలెక్కి వచ్చే హత్యలన్నీ నేనే చదివేవాణ్ణి. నా జీతం ఎప్పుడు పెరిగిందో, ఏ కుర్చీ నుంచి ఏ కుర్చీకి మారానో ఎవరికీ అక్కర్లేదు. ఆ పని నిజంగా ఎట్లా ఉండేదో, అందులో ఒకసారి ఏం జరిగిందో మాత్రం రాస్తాను. చదివాక రమాదేవి ఇంకా మొహం మాడ్చుకుంటే అది నా రాతలో లోపమే.

అరకాలమ్

నా పేరు హుస్సేనప్ప. మాది పామిడికి దిగువన పెన్న గట్టు మీది చిన్న పల్లె. మా నాయన దూది ఏకి పరుపులు కుట్టేవాడు. నేను అనంతపురంలో ఇంటర్మీడియట్ దాకా చదివి, అక్కడే ఒక వారపత్రికలో ప్రూఫులు దిద్దే పనికి చేరాను. పత్రికకు యజమానీ సంపాదకుడూ ఒక్కరే, శేషగిరిరావు గారు. ఖద్దరు కట్టేవారు. స్వాతంత్ర్యానికి ముందు జైలుకు వెళ్ళివచ్చిన మనిషి. వేదాంతం, చరిత్ర, పద్యకావ్యాలు తప్ప తక్కినవి పుస్తకాలే కావని ఆయన అభిప్రాయం. ఆ మూడింటి మీద ఆయనే సమీక్షలు రాసేవారు. వాటిని నేనూ ఆయనా తప్ప ఎవరైనా పూర్తిగా చదివేవారా అని నాకు అనుమానంగా ఉండేది.

ఒక కరువు వేసవిలో ఊరికి వెళ్తూ, దారిలో కరువు పని జరుగుతున్నచోట బస్సు చెడిపోతే దిగాను. మధ్యాహ్నం వేళ. పొద్దుటి నుంచి కంకర కొట్టినవాళ్ళు వేపచెట్ల కింద చేరి ఉన్నారు. వాళ్ళలో చదువొచ్చినతను ఒకడు అట్టలేని డిటెక్టివ్ నవల గట్టిగా చదువుతున్నాడు. చుట్టూ ఆడా మగా కలిసి పాతికమంది ఉంటారు. సంగటి ముద్ద చేతిలో పెట్టుకొని నోట్లో పెట్టుకోవడం మరిచిపోయినవాళ్ళను అక్కడ చూశాను. మేస్త్రీ పనికి లేవమంటే, "హంతకుడు ఎవురో తెలీనీ అన్నా" అని అతన్నే కూర్చోబెట్టారు.

సోమవారం ఆఫీసుకు రాగానే శేషగిరిరావు గారికి అంతా చెప్పాను.

"సార్, మన పత్రిక ఆడ ఎవురూ చదవడం ల్యా. ఆ పుస్తకాన్ని మాత్రం అన్నం మానుకొని వింటాండారు."

"అయితే ఏం చేయమంటావు?"

"అందులో ఏది బాగుండాదో, ఏది బాగాల్యో చెప్పేవాళ్ళు ల్యారు సార్. చేతికి దొరికిందల్లా చదువుతాండారు."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "చెత్తలో మంచి చెత్త, చెడ్డ చెత్త అని ఉంటాదా అప్పా?"

"ఉంటాది సార్."

"అయితే నువ్వే రాయి. అరకాలమ్ ఇస్తా. ఆ పక్కన నా పేరు మాత్రం పడకూడదు."

అట్లా మొదలైంది. కొన్నాళ్ళకు బస్టాండులో పుస్తకాలు అద్దెకిచ్చే బాషా, నా అరకాలమ్‌ను కత్తిరించి అంగడి పలక మీద అంటించడం మొదలుపెట్టాడు. నేను బాగుందన్న పుస్తకానికి జనం వరసకట్టేవాళ్ళు. బాగాలేదన్న పుస్తకానికి ఇంకా పెద్ద వరస ఉండేది, ఎంత బాగాలేదో చూడటానికి.

చదివే తీరు

ఈ పనికి కొత్తగా వచ్చేవాళ్ళకు నేను గట్టిగా చెప్పేది ఒకటుంది. డిటెక్టివ్ నవలను రెండుసార్లు చదవండి. మొదటిసారి బస్సులో ప్రయాణించేవాడిలా చదవండి, చేతిలో పెన్సిలు వద్దు. అన్నం చల్లారిపోయిందా, దిగాల్సిన చోటు దాటిపోయిందా, అదే చూసుకోండి. రెండోసారి పోలీసువాడిలా చదవండి. ఇప్పుడు హంతకుడెవరో మీకు తెలుసు కాబట్టి, రచయిత మీ కళ్ళముందు పెట్టింది ఏమిటి, దాచింది ఏమిటి, దాచడంలో అబద్ధమాడాడా అన్నది కనబడుతుంది. చాలామంది సమీక్షకులు ఒకసారి కూడా పూర్తిగా చదవరు. వాళ్ళ సమీక్షలు అట్ట వెనక రాసిందానికి నకళ్ళు.

ఆ రోజుల్లో నా ప్రాణం తీసినవాడు, చివరి అధ్యాయంలో రంగూన్ నుంచి దిగే తమ్ముడు. పుస్తకమంతా ఆరుగురిని అనుమానిస్తాం. చివర్లో, చచ్చిపోయినాయనకు ఎవరికీ తెలియని తమ్ముడొకడు ఉన్నాడని, వాడే చంపాడని డిటెక్టివు ప్రకటిస్తాడు. అటువంటి పుస్తకం ఒకదాని గురించి, "హంతకుణ్ణి మనకు పరిచయం చేయకుండానే పట్టుకున్నారు. పట్టుకున్నందుకు అభినందనలు" అని రాశాను. ఆ తర్వాత కొన్ని నెలలపాటు తమ్ముళ్ళు రావడం తగ్గింది. బాబాయిలు మొదలయ్యారు.

కాలేజీలో పాఠాలు చెప్పే కొందరు స్నేహితులు నన్ను చూసి జాలిపడేవాళ్ళు. వాళ్ళకు నేను చెప్పే జవాబు ఒకటే. పద్యంలో యతి తప్పితే పండితుడికి తెలుస్తుంది. ఈ నవలల్లో ఒక గంట అటూ ఇటూ అయితే కంకర కొట్టేవాడు కూడా పట్టేస్తాడు. అంతమంది కళ్ళముందు తప్పులేకుండా నడవడం చిన్న పని అని నేను ఎప్పుడూ అనుకోలేదు.

పడవ

అప్పట్లో అందరికంటే ఎక్కువగా చదివించిన రచయిత మార్తాండ. అది కలం పేరు. కృష్ణా జిల్లా మనిషి, మద్రాసులో ఉండేవాడు. వాక్యం పరుగెత్తేది, పాత్రలు మాట్లాడితే వినబడేవి. నాకూ ఇష్టం, ఆ సంగతి చాలాసార్లు రాశాను. అందుకే అతని కొత్త నవల పామిడి పక్క పల్లెలో జరుగుతుందని తెలిసి పండగలాగా తెరిచాను. మా సీమను ఎవరైనా కథలోకి తీసుకొస్తే చాలు అనుకునే రోజులవి.

కథ ఇది. వైశాఖ మాసంలో శనక్కాయల వ్యాపారి ఒకడు హత్యకు గురవుతాడు. అనుమానమంతా అతని భాగస్వామి మీద. అయితే ఆ సాయంత్రం భాగస్వామి పెన్నకు అవతలి గట్టున ఉన్నాడు. ఊరికున్న ఒకే ఒక్క పడవ ఇవతలి గట్టున కట్టేసి ఉంది. నిండుగా పారే నదిని దాటకుండా హత్య ఎట్లా చేశాడు? డిటెక్టివు పుస్తకమంతా తలబాదుకొని, తుమ్మచెట్ల చాటున దాచిన రెండో పడవను చివర్లో కనిపెడతాడు.

వైశాఖంలో పెన్న. నేను పుస్తకం మూసి చాలాసేపు నవ్వాను. తర్వాత కోపం వచ్చింది. మా ఊరి ఆడవాళ్ళు ఆ నెలలో ఏటి ఇసకలో గుంటలు తవ్వి, ఊరే నీటిని చిప్పలతో ముంచుకొని కడవలు నింపుకుంటారు. ఆ గుంటల్ని చెలమలంటాం. ఆ చెలమల మీదుగా ఇతను పడవ నడిపాడు.

నేను ఇట్లా రాశాను: "హంతకుడికి రెండో పడవ ఎందుకో తెలియలేదు, మొదటిది ఎందుకో కూడా తెలియలేదు. వైశాఖంలో అక్కడ పెన్న దాటడానికి చెప్పులుంటే చాలు. అదైనా ఇసక కాలుతుంది కాబట్టి. కథ మొత్తం ఆ నది మీద నిలబడింది. నది లేదు, కాబట్టి కథ లేదు." దాని కింద ఇంకో వాక్యం కూడా రాశాను. మద్రాసులో సముద్రం పక్కన కాపురముండే పెద్దమనిషికి ఇతరుల దాహం ఎట్లా తెలుస్తుందని.

శేషగిరిరావు గారు ఆ చివరి వాక్యం కొట్టేశారు. "పైన రాసింది పుస్తకం గురించి. ఇది మనిషి గురించి. మనిషి గురించి నీకేం తెలుసప్పా?" అన్నారు. అప్పుడు నాకు నచ్చలేదు. ఆ వాక్యం అచ్చయి ఉంటే తర్వాత జరిగిందేదీ జరిగేది కాదు.

నోటీసు

రెండు మూడు వారాలకు ప్రచురణకర్త తరఫున మద్రాసు వకీలు నోటీసు వచ్చింది. సమీక్ష వల్ల పుస్తకం పరువు, రచయిత పరువు పోయాయి, రచయిత పటం చూసే రాశాడు, పటంలో పెన్న నీలం గీతలా స్పష్టంగా ఉంది, మొదటి పేజీలో క్షమాపణ వేయకపోతే దావా వేస్తాం అని.

మాది చిన్న పత్రిక. మద్రాసు కోర్టు చుట్టూ తిరిగితే మూతబడుతుంది. ఆఫీసులో అందరూ ఒకటే మాట: పుస్తకం గురించి రెండు మంచి ముక్కలు రాసి తప్పుకోమని. నాకూ భయమేసింది. కాలమ్ పోతే పోయింది, నా అరకాలమ్ కోసం ఆయన జీవితమంతా పెట్టి నడిపిన పత్రిక పోతుందేమోనని.

శేషగిరిరావు గారు నన్ను గదిలోకి పిలిచి కూర్చోమన్నారు. ఆయన ముందు కూర్చోవడం అదే మొదలు.

"ఆ పుస్తకం నేను చదవల్యా. చదవను గూడా. ఒక్క మాట చెప్పు. ఎండాకాలంలో మీ ఊరికాడ పెన్నలో పడవ పోతాదా?"

"కాగితం పడవ గూడా పోదు సార్."

"బాగా ఆలోచించుకొని చెప్పు."

"ఆ ఇసకలోనే పెరిగినా సార్. ఆలోచించేదానికి ఏముండాది?"

"అయితే క్షమాపణ ల్యా." ఆయన కాగితం ముందుకు లాక్కున్నారు. ప్రచురణకర్తకు కాదు, నేరుగా రచయితకే జాబు రాశారు. మీరు దయచేసి రండి, పెన్న చూడండి, అందులో పడవ తేలితే మా మొదటి పేజీ అంతా క్షమాపణే అని. సంతకం చేశాక నావైపు చూసి, "నవల చెత్తో కాదో నాకు తెలీదు. నువ్వు చెప్పింది నిజమైతే నీ ఎనక నేనుంటా" అన్నారు.

ఇట్లాంటి యజమాని దొరకడం అదృష్టం. దొరకకపోతే ఏం చేయాలో నాకు తెలియదు, ఎందుకంటే నాకు దొరికారు.

చెలమ దగ్గర

అతను రాడనుకున్నాం. వచ్చాడు. గుంతకల్లులో బండి మారి, ఒక ఉదయం పట్టు జుబ్బాతో, నల్ల కళ్ళద్దాలతో ఆఫీసు మెట్లెక్కాడు. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దవాడేమో, అంతే. పెద్ద వయసువాణ్ణి ఊహించుకున్నాను.

"హుస్సేనప్ప గారంటే మీరేనా? నన్ను దూదిలా ఏకేశారండీ" అన్నాడు.

"అది మా ఇంటి పనే సార్. మా నాయన పరుపులు కుడతాడు" అన్నాను.

అతను ఒక్క క్షణం చూసి పగలబడి నవ్వాడు. నవ్వినా పందెం మాత్రం వదల్లేదు. "నేను పటం చూసే రాశానండీ. నదంటే నదే కదా. పదండి, చూద్దాం" అన్నాడు.

పామిడి దాకా బస్సులో, అక్కణ్ణించి ఎద్దులబండిలో మా ఊరికి పోయాం. గట్టు ఎక్కగానే అతను బండి దిగి నిలబడ్డాడు. ఎదురుగా ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఇసక. నడుమ మేకల మంద పోతోంది. అవతల గట్టు ఎండలో ఊగుతున్నట్టు కనబడుతోంది.

"నది ఎక్కడుందండీ?" అని అడిగాడు.

"మీరు చూస్తాండేదే సార్."

అతను కళ్ళద్దాలు తీసేశాడు. బూట్లు విప్పి రెండు అడుగులు వేసి, కాళ్ళు కాలి మళ్ళీ తొడుక్కున్నాడు. ఇసకలోకి నడిచాడు. నేను వెనక నడుస్తూ, వచ్చే వారం కాలమ్‌లో గెలుపు గురించి ఏం రాయాలో మనసులో వాక్యాలు కూర్చుకుంటున్నాను.

నడిమి ఏట్లో చెలమల దగ్గర ఆడవాళ్ళు ఉన్నారు. మా పక్కింటి ఓబులమ్మత్త గుంటలోకి వంగి చిప్పతో నీళ్ళు ముంచి కడవలో పోస్తోంది.

"ఎవురప్పా ఉసేనా, ఈయప్ప?" అని అడిగింది.

"మద్రాసు నించి వచ్చినాడత్తా. కథలు రాస్తాడు. ఈడ పడవ పోతాదని రాసినాడు."

ఆమె తలెత్తి అతన్ని చూసింది. "వానొచ్చిన యేడు పోతాదేమోలే. ఎండన పడి వచ్చినాడు, నీళ్ళు తాగుతాడేమో అడుగు" అని, చిప్ప నింపి చాచింది.

అతను తాగాడు. చిప్ప తిరిగి ఇచ్చి గుంటలోకి తొంగిచూశాడు. అతను తాగిన నీళ్ళు మళ్ళీ ఊరేదాకా ఆమె చెయ్యి ఆపుకొని కూర్చుంది. అది చూసి అతనూ ఆ ఇసకలోనే, పట్టు జుబ్బాతో, చతికిలబడ్డాడు.

ఓడిపోయానంటాడని నేను ఎదురుచూస్తున్నాను. అతను నన్ను మరిచేపోయాడు. ఓబులమ్మత్తను అడుగుతున్నాడు. కడవ నిండటానికి ఎంతసేపు పడుతుంది? పొద్దువాలినాక కూడా వస్తారా? మగవాళ్ళు రారా?

"మగోళ్ళు కావిళ్ళు ఏసుకొని వస్తారు, రెండు పక్కలా డబ్బాలు కట్టుకొని. పొద్దుగూకినాక గూడా వస్తానే ఉంటారు. నీళ్ళు ఊరాల గదా" అంది ఆమె.

"అవతల ఊరివాళ్ళు కూడా ఇటు వస్తారాండీ?"

"ఎవురికేం అడ్డం? ఏరు అందరిదీ."

ఆ సాయంత్రం మా ఇంట్లో సంగటి, శనక్కాయల పచ్చడి తిన్నాడు. కారానికి కళ్ళనీళ్ళు పెట్టుకుంటూనే ఇంకొంచెం వేయించుకున్నాడు. మా నాయన అతనికి కొత్త పరుపు వేశాడు. పొద్దున్నే చూస్తే పరుపు ఖాళీ. మళ్ళీ ఏట్లోనే ఉన్నాడు. ఆ రోజంతా ఒక కొయ్య మొద్దు మీద తలకు తువ్వాలు చుట్టుకొని కూర్చున్నాడు. వచ్చేవాళ్ళను, పోయేవాళ్ళను చూస్తూనే ఉన్నాడు. మూడో రోజు నన్ను చెయ్యి పట్టి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"హుస్సేనప్ప గారూ, మీ సమీక్షలో ప్రతి ముక్కా నిజమే. అయితే మీరు చెప్పింది సగమేనండీ."

"మిగిలిన సగమేంది?"

"నది లేదు కాబట్టి కథ లేదన్నారు. నది లేదు కాబట్టే కథ ఉంది. నీళ్ళుంటే పడవ ఉన్నవాడొక్కడే దాటగలడు. నీళ్ళు లేకపోతే ఎవడైనా దాటొచ్చు. ఊళ్ళో అందరూ అనుమానితులే. పైగా ఏరు ఎండిపోయింది కదా, ఎవరూ ఉండరని హంతకుడు అనుకోడానికి లేదు. ఇది నీళ్ళున్న నది కంటే రద్దీగా ఉంది. మరి ఇందరి నడుమ నుంచి వాడు ఎలా వెళ్ళాలి?"

నేను చెలమల దగ్గరి జనాన్ని చూశాను. అతనే చెప్పాడు.

"కావడి వేసుకుని వెళ్తాడు. ఇక్కడ కావడి మోసేవాడి మొహం ఎవరూ చూడరు. నేను మూడు రోజులుగా చూస్తున్నాను, నాకే ఒక్క మొహం గుర్తు లేదు."

"బాగుండాది. మరి ఎట్లా దొరుకుతాడు?"

అతను గట్టువైపు చెయ్యి చూపించాడు. ఒకతను నిండు కావడితో గట్టెక్కుతున్నాడు. బద్ద విల్లులా వంగింది. చిన్న చిన్న అడుగులు వేస్తూ, నీళ్ళు తొణకకుండా పైకి పోతున్నాడు.

"ఖాళీ కావడితో ఏట్లోకి దిగేవాళ్ళను బోలెడుమందిని చూశాను. ఖాళీ కావడితో గట్టెక్కేవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి."

నేను గట్టువైపు తిరిగి వెతికాను. పుట్టినప్పటి నుంచి చూస్తున్న ఏరు. గంటలు గంటలు కూర్చుని ఊరిన నీటిని ఎవరైనా వదిలి పోతారా? హంతకుడికి నీళ్ళతో పని లేదు. చంపి తిరిగి పోయే తొందరలో ఖాళీ డబ్బాలు ఊపుకుంటూ గట్టెక్కుతాడు. ఆ ఊగడం ఒక్కటే సాక్ష్యం. నేను ఆ నదిలో పడవ లేదని మాత్రమే చూశాను. ఇతను ఏముందో చూశాడు.

రమాదేవీ, నీకు చెప్పాలనుకున్నది ఇక్కడే ఉంది. తప్పును పట్టుకోవడం మన వృత్తి, దాన్ని భయం లేకుండా చెయ్యాలి. అయితే పట్టుకున్న తప్పును రచయిత చేతిలో పెట్టి పక్కకు జరగాలి. అక్కడి నుంచి ఏం చేయాలో మనకంటే వాళ్ళకు బాగా తెలుసు. మంచివాళ్ళైతే.

రాయనన్న సమీక్ష

మార్తాండ మద్రాసుకు వెళ్ళి పాత నవలను చించేసినంత పని చేశాడు. ప్రచురణకర్తతో పోట్లాడి నోటీసు వెనక్కి తీయించాడు. మరుసటి వేసవికి కొత్త పుస్తకం వచ్చింది, పేరు 'ఖాళీ కావడి'. ముందుమాటలో అనంతపురం సమీక్షకుడు హుస్సేనప్ప తనను పెన్న దాకా నడిపించాడని రాసుకున్నాడు. నా మాటల్లో "నది లేదు, కాబట్టి కథ లేదు" అన్న వాక్యాన్ని అట్ట లోపల అచ్చేశాడు, తిట్టును బిరుదులాగా.

పుస్తకం చేతికి రాగానే మొదట ఊరివాడిలా చదివాను, తర్వాత పోలీసువాడిలా చదివాను. ఎక్కడా అబద్ధం లేదు. శేషగిరిరావు గారి దగ్గరికి తీసుకుపోయి, దీన్ని నేను సమీక్షించలేనని చెప్పాను. పుస్తకంలో నా పేరుంది, మా ఊరుంది, మా ఓబులమ్మత్త చిప్ప ఉంది. ఎంత నిజాయితీగా మెచ్చుకున్నా అది నన్ను నేను మెచ్చుకున్నట్టే.

"అయితే ఎవురు రాయాల?" అన్నారు.

"ఆఫీసులో ఇంక మిగిలింది మీరే సార్."

ఆయన పుస్తకాన్ని రెండు వేళ్ళతో, ఎలుక తోకను పట్టుకున్నట్టు, పట్టుకొని ఇంటికి వెళ్ళారు. మర్నాడు ఆఫీసుకు ఆలస్యంగా వచ్చారు. అదొక వింత, ఎందుకంటే ఆయన్ను చూసి గడియారం సరిచేసుకునేవాళ్ళం. గదిలో కూర్చుని మధ్యాహ్నం దాకా రాసి, కాగితాలు కంపోజింగుకు పంపించారు. అరకాలమ్ కాదు, పూర్తి పేజీ. కింద ఆయన సంతకం. "ఈ తరహా పుస్తకం నేను మునుపు చదవలేదు. చదవకుండానే వీటి మీద ఒక అభిప్రాయం పెట్టుకున్నాను, దానికి ఆధారం లేదు. దీన్ని మాత్రం రెండుసార్లు చదివాను" అని మొదలుపెట్టారు. డిటెక్టివు మాటిమాటికీ సిగరెట్టు కాల్చడం ఒక్కటే నచ్చలేదని ముగించారు.

ఆ వారం పత్రిక బస్టాండులో దొరకలేదు. బాషా అంగడి పలక మీద పేజీ మొత్తం పట్టక, తలుపుకు అంటించాడు. ఆ తర్వాత నా కాలమ్ ఎప్పుడూ సగం కాలేదు. పక్కన ఆయన పేరు పడకూడదన్న షరతు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

బడి అరుగు

పుస్తకం వచ్చిన నెలకు మార్తాండ మళ్ళీ వచ్చాడు. మా ఊళ్ళో దాన్ని చదివి వినిపించాలని అతని కోరిక. బడి అరుగు మీద కుర్చీ వేశాం. పొద్దు వాలేసరికి ఊరంతా చేరింది. అవతలి గట్టు నుంచి కూడా ఏరు దాటుకొని వచ్చారు. ముందు వరసలో ఆడవాళ్ళు, ఓబులమ్మత్త వాళ్ళ నడుమ. శేషగిరిరావు గారు అనంతపురం నుంచి బస్సులో వచ్చి, నా పక్కన చాప మీద కూర్చున్నారు. కుర్చీ ఇస్తే వద్దన్నారు.

మార్తాండ చదవడం మొదలుపెట్టాడు. తమ ఏటిని, తమ చెలమలను కథలో విన్న మొదటిసారి జనం ఒకరినొకరు చూసుకున్నారు. చిన్నగా నవ్వులు వచ్చాయి. తర్వాత నవ్వు పోయి అందరూ కదలకుండా కూర్చున్నారు. వ్యాపారి చనిపోయాడు. పోలీసులు వచ్చారు. చెలమల దగ్గర ఉన్నవాళ్ళను ఒక్కొక్కరినే అడుగుతున్నారు. ఒక ముసలామె, ఫలానా ఫలానావాళ్ళు వచ్చారని చెప్తూ మాటల్లో మాటగా అంటుంది: కావడివాడొకడు డబ్బాలు ఊపుకుంటూ గట్టెక్కి పోయినాడు అని. పుస్తకంలో డిటెక్టివు ఆ మాట పట్టించుకోడు. అతనికి అది తట్టడానికి ఇంకా సగం పుస్తకం పడుతుంది.

అరుగు కింద గాలి వీచినట్టు గుసగుస లేచింది. ముందు వరస నుంచి వెనక వరసకు, ఆడవాళ్ళ నుంచి మగవాళ్ళకు పాకింది. మార్తాండ చదవడం ఆపాడు.

"ఊపుకుంటా పోయినాడంటే నీళ్ళు ల్యావు గదా" అన్నాడు వెనక నుంచి ఒకతను.

"నీళ్ళు ల్యాకుండా ఎందుకు పోతాడు? వాడేలే" అంది ఓబులమ్మత్త.

"వాడే, వాడే" అన్నారు చుట్టూ.

మద్రాసులో, బెజవాడలో, గుంటూరులో వేలమంది చదివిన పుస్తకం. అక్కడ చివరి అధ్యాయం దాకా ఎవరికీ తెలియలేదని అతనే నాకు చెప్పాడు. ఇక్కడ సగంలోనే పట్టేశారు. నేను అతని మొహం చూశాను. ఎంత సంతోషంగా ఉన్నాడో మాటల్లో చెప్పలేను. ఏ సమీక్షా అతనికి అంత సంతోషం ఇచ్చి ఉండదు. పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"పట్టేశారు. ఇంక చదివేదేముందండీ?" అన్నాడు.

"అదేందప్పా, నువ్వు చదువు" అంది ఓబులమ్మత్త. "వాడెట్లా దొరుకుతాడో ఇనాల గదా."

"చదువన్నా, చదువు" అని నలువైపుల నుంచీ కేకలు వచ్చాయి. అతను మళ్ళీ తెరిచాడు.

శేషగిరిరావు గారు నా వైపు వంగి మెల్లగా అడిగారు. "హంతకుడు ఎవురో తెలిసిపోయె గదప్పా. ఇంకా ఏమి ఇనాలని కూర్చున్నారు?"

"మీరు రెండుసార్లు చదివినారు గదా సార్. మీరెందుకు కూర్చున్నారు?"

ఆయన భుజం మీది తువ్వాలు సర్దుకొని, చాప మీద ఇంకొంచెం ముందుకు జరిగి, చెవికి చెయ్యి అడ్డం పెట్టుకొని వినసాగారు.